ఖరగ్‌పూరు నుండి ఎగిరి తిరిగిరాని విమానములు

లెక్కల పుస్తకమునందు నష్టము అనునది ఒక్క మాట. కాని ఆ మాట ప్రక్కన రిమార్కుల గడి యొకటి ఉండును. సరుకు తడిసి చెడిపోయెనా, దొంగలు ఎత్తుకొనిపోయిరా, తూకమున తరుగు వచ్చెనా అను సంగతి ఆ గడిలో వ్రాయబడిననే గాని ఆ పద్దు ముగిసినట్లు కాదు. ఉద్యోగకాలమంతయు గుమాస్తాపనిలో కాగితముల నడుమ గడపిన మాకు, చరిత్ర గ్రంథములలో యుద్ధ నష్టముల పట్టికలు కనబడినప్పుడెల్లను దృష్టి ఆ గడి మీదికే పోవును. ఇన్ని విమానములు పోయెను, ఇంతమంది చనిపోయిరి అని అంకె చెప్పును. ఏల పోయెను అని అడిగినచో అంకె పలుకదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున భారీ బాంబరు విమానములకును, వానిని నడపిన సిబ్బందికిని కలిగిన నష్టములను గూర్చి ఈ సంచికలో కొంత ముచ్చటింపదలచితిమి. ఇది సీమవారి సంగతి, మనకేల అని పాఠక మహాశయులు అనుకొనవచ్చును. కాని ఆ కథలో ఒక ముఖ్యాధ్యాయము మన రైలు మార్గమునకు ప్రక్కనే, ఖరగ్‌పూరు పరిసరములలో జరిగెను. ఆ అధ్యాయమును శ్రద్ధగా చదివినవారికి ఒక విషయము తేటపడును. ఆ మహావిమానములను పొట్టనబెట్టుకొన్న వానిలో శత్రువు పాలు తక్కువ. ఎండ, దూరము, వాన, యంత్రము, తొందర అనునవియే ఎక్కువ పాలు తీసికొనెను.

మొదట భారీ బాంబరు అనగా నేమో చెప్పుట మంచిది. నాలుగు ఇంజనులు గలిగి, పలు టన్నుల బాంబులను మోసికొని, వందల మైళ్ళు పోయి తిరిగి రాగల పెద్ద విమానమే భారీ బాంబరు. ఒక్కొక్క దానియందు ఏడుగురు మొదలు పదకొండుగురు వరకు మనుష్యులు ఉండిరి. పైలట్ ఒకడు, దారి లెక్క కట్టువాడు ఒకడు, బాంబు విడుచువాడు ఒకడు, వైర్‌లెస్ చూచువాడు ఒకడు, ఇంజను కనిపెట్టువాడు ఒకడు, తుపాకుల కడ కూర్చుండువారు కొందరు. విమానము కూలిన నొక్క క్షణమున ఇన్ని ఇండ్లకు తంతి పోవలసి వచ్చును. బ్రిటిషువారి బాంబర్ కమాండ్ నందు సుమారు 1,25,000 మంది ఎగిరి పనిచేయగా, 55,573 మంది మరణించిరి. 1944 మార్చి 30వ తేదీ రాత్రి న్యూరెంబర్గు నగరముపైకి పోయిన దాదాపు 800 విమానములలో 95 తిరిగిరాలేదు. ఆ 55,573 మందిలో ఎనిమిది వేలకు పైగా శత్రువు చేత గాక, శిక్షణలోను ఇతర ప్రమాదములలోను చనిపోయినవారు. అనగా యుద్ధభూమిని కన్నులారా చూడకయే పోయినవారు సయితము వారిలో గలరు. ఐరోపాలోని ఈ సంగతిని మనస్సున ఉంచుకొని ఇక మన ప్రక్కకు వత్తము.

బెంగాల్-నాగపూర్ రైల్వే మన తెలుగు కుటుంబములకు చిరపరిచితమైన పేరు. 1955లో అది ఆగ్నేయ రైల్వే అయిన తరువాత కూడ పెద్దలు దానిని బి.ఎన్.ఆర్. అనియే పిలిచెడివారు. వాల్తేరు, బరంపురము, కటకము, బాలాసూరు మీదుగా పోవు ఆ మార్గమున ఖరగ్‌పూరు గొప్ప కూడలి. అచటి వర్క్‌షాపులలో పనికై శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి మండలముల నుండి పోయి స్థిరపడిన తెలుగువారు అనేకులు. ఒడిశాలోని మనవారిలో అచట బంధువులు లేని కుటుంబములు అరుదు. ఆ ఊరి పరిసరములనే 1944లో అమెరికావారు తమ సరిక్రొత్త మహావిమానములకు నిలయముగా ఎన్నుకొనిరి.

ఇట్లెన్నుకొనుటకు కారణము భూగోళమే. 1942 నాటికి బర్మా, మలయా, సింగపూరు జపాను వశమయ్యెను. ఆ యేడు ఏప్రిల్ 6వ తేదీన జపాను యుద్ధనౌకల నుండి లేచిన విమానములు మన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసెను. జపాను దేశముపై తిరిగి బాంబులు వేయుటకు పసిఫిక్ మహాసముద్రమున తగిన ద్వీపము ఇంకను అమెరికావారి చేతికి రాలేదు. చైనా నుండి పోవచ్చును గాని చైనాకు సముద్రపుదారి మూసికొనిపోయెను. కావున విమానములను బెంగాలున నిలిపి, చైనాలోని చెంగ్టు కడ మజిలీ చేసి, అచట నుండి జపానుపైకి పంపవలెనని నిశ్చయించిరి. ఈ యుద్యమమునకు మాటర్‌హార్న్ అని గుప్తనామము పెట్టిరి.

ఖరగ్‌పూరు, చాకులియా, పియర్‌డోబా, దూధ్‌కుండీ అను చోట్ల పూర్వమున్న రన్‌వేలు ఈ విమానములకు చాలవు. వానిని ఇంకను పొడిగింపవలసి వచ్చెను. అమెరికా ఇంజనీర్లతో పాటు వేలాది స్థానిక కూలీలు, స్త్రీలును పురుషులును, రాళ్ళు కొట్టి, తట్టలతో మోసి ఆ పని చేసిరి. ఆ మేదినీపూరు మండలము 1942 అక్టోబరులో ఘోరమైన తుపానునకు గురియై, 1943లో మహాక్షామమున మలమల మాడినదని మరువరాదు. ఆకలి తీరని చేతులే ఆ రన్‌వేలను పరచెను. చెంగ్టు ప్రాంతమున మూడు లక్షలకు పైగా చైనా రైతులు యంత్రములు లేకయే, రాతి రోలర్లను మనుష్యులే లాగుచు, రన్‌వేలు సిద్ధము చేసిరి. విమాన నష్టముల పట్టికలలో వీరి ప్రస్తావన రాదు.

20వ బాంబర్ కమాండ్ అను నీ దళమునకు ముఖ్యకార్యాలయము ఖరగ్‌పూరు చెంత హిజ్లీలోని నిర్బంధ శిబిర భవనము. స్వాతంత్ర్య సమరమున ఈ భవనమునకు ఒక చరిత్ర గలదు. 1931 సెప్టెంబరు 16వ తేదీన నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై పోలీసులు కాల్పులు జరుపగా ఇరువురు ప్రాణములు విడిచినది అచటనే. ఆ గదులలోనే 1944లో అమెరికా సేనానులు పటములు పరచుకొని కూర్చుండిరి. 1951లో అదే భవనమున దేశపు మొదటి ఐ.ఐ.టి. ఆరంభమయ్యెను. ఒకే కప్పు క్రింద చెరసాల, యుద్ధశాల, విద్యాశాల వరుసగా నడచిన చోట్లు మన దేశమున మరి యెన్ని గలవో!

ఇక ఆ విమానము సంగతి. బి-29 అని దాని పేరు, సూపర్ ఫోర్ట్రెస్ అని బిరుదు. రెక్కల కొన నుండి కొనకు 141 అడుగులు, పొడవు 99 అడుగులు. ఒక్కొక్కటి 2,200 అశ్వశక్తి గల నాలుగు ఇంజనులు. సిబ్బంది 11 మంది. అంతవరకు అంత పెద్ద బాంబరును ఏ దేశమును యుద్ధమునకు వరుసగా తయారు చేసియుండలేదు. అది మొట్టమొదట ఎగిరినది 1942 సెప్టెంబరు 21న. అయిదు నెలలు గడవకమునుపే, 1943 ఫిబ్రవరి 18న, రెండవ నమూనా విమానము సియాటిల్ నగరమున ఇంజను అంటుకొని ఒక మాంసపు కర్మాగారముపై కూలెను. సుప్రసిద్ధ పరీక్షా పైలట్ ఎడ్డీ ఆలెన్‌తో సహా అందున్న 11 మందియు, నేలపై సుమారు 20 మందియు చనిపోయిరి. శత్రువు ముఖము ఎరుగక ముందే ఆ విమానము పద్దులో ఖర్చు వ్రాయబడెను.

లోపము ఎచట నున్నదో ఇంజనీర్లకు తెలియును. ఇంజను మిక్కిలి వేడెక్కును, వెనుక వరుస సిలిండర్లకు గాలి చాలదు, నిప్పంటుకొనినచో మెగ్నీషియము లోహము చేరియున్నందున ఆర్పుట దుర్లభము. సవరణలు చేయుచునే యుండిరి. కాని పైనుండి తొందర. 1944 మార్చి నెలలో కాన్సస్ రాష్ట్రమున మంచులో ఆరుబయట నిలిచి మెకానిక్కులు పగలనక రేయనక సవరణలు ముగించి విమానములను సాగనంపిరి. మొరాకో, కైరో, కరాచీ మీదుగా దాదాపు 11,500 మైళ్ళు ప్రయాణము చేసి, మొదటి బి-29 ఏప్రిల్ 2వ తేదీన చాకులియాలో దిగెను. దారిలోనే కొన్ని కూలెను. కరాచీ ఎండకు ఇంజనులు మాడిపోగా కొన్నాళ్ళు అన్నింటిని నేలపైనే నిలిపివేయవలసి వచ్చెను.

ఏప్రిల్, మే నెలలలో మేదినీపూరు ఎండ ఎట్టిదో ఆ మార్గమున ప్రయాణించిన మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. మంచుదేశమున పరీక్షింపబడిన యంత్రము ఆ యెండలో నిలువలేకపోయెను. మధ్యాహ్నము లోహపు రేకును తాకిన చేయి కాలును. అందుచేత మెకానిక్కులు తెల్లవారుజామునను రాత్రివేళలందును పని చేసిరి. నిండు బరువుతో లేచునపుడు ఒక ఇంజను మొండికేసినచో పైలట్‌నకు ఆలోచించుటకు అర నిమిషము కూడ ఉండదు. గాలిలోకి లేచుటయే ఆ సిబ్బందికి మొదటి యుద్ధమయ్యెను.

దీనికి తోడు పెట్రోలు బాధ. చెంగ్టులో ఒక చుక్క పెట్రోలు దొరకదు. ప్రతి గాలనును భారతదేశము నుండియే హిమాలయముల కొసకొండల మీదుగా, హంప్ అని సైనికులు పిలిచిన 'మూపురము' దాటించి కొనిపోవలెను. ఖరగ్‌పూరు నుండి చెంగ్టు సుమారు 1,200 మైళ్ళు. ఒక విమానము జపానుపైకి ఒక్కమారు పోవలెనన్న, అందులకు కావలసిన పెట్రోలు కూడబెట్టుటకు సుమారు ఆరుమార్లు ఆ మూపురము దాటి రావలసి వచ్చెనని చెప్పుదురు. పది రూపాయల జీతము తెచ్చుటకు పట్నమునకు పోయి వచ్చు బండికూలి తొమ్మిది రూపాయలయినట్లు లెక్క. ఆ దారిలో మంచు, సుడిగాలి, ఇరువది వేల అడుగుల శిఖరములు. ఆ మూపురముపై కూలిన విమానములను గూర్చి, ఎండ బాగుగా కాసిన దినమున క్రింద మెరయు రేకులను చూచుచు దారి పోల్చుకొనవచ్చునని పైలట్లు చెప్పుకొనెడివారు.

మొదటి దాడి 1944 జూన్ 5న బాంకాక్‌లోని రైల్వే వర్క్‌షాపులపై జరిగెను. రైల్వే వర్క్‌షాపుల ఊరి నుండి లేచి మరియొక దేశపు రైల్వే వర్క్‌షాపులపైకి పోవుట విచిత్రమే. 98 విమానములు లేచెను. ఒకటి లేచుచునే కూలెను. సుమారు 77 మాత్రమే గమ్యము చేరి బాంబులు వేసెను. తిరుగుదారిలో వానలు అడ్డుపడెను, పెట్రోలు తరిగెను. నలువదికి పైగా విమానములు తమ స్థావరము గాక దొరికిన చోట దిగెను. దిగుచు అయిదు ధ్వంసమయ్యెను. శత్రువు గుండు తగిలి కూలినది ఒక్కటియు లేదు. ఈ దాడి పద్దునకు రిమార్కుల గడిలో జపాను అని వ్రాయుటకు వీలులేదు.

పది దినముల తరువాత, జూన్ 15 రాత్రి, జపానులోని యవాటా ఉక్కు కర్మాగారముపై దాడి జరిగెను. చెంగ్టు నుండి 1,600 మైళ్ళు. 68 విమానములు లేవగా 47 గమ్యము చేరెను. ఆ రాత్రి కర్మాగారపు ఆవరణలో పడినది ఒకే బాంబు అని తరువాత తీసిన ఛాయాచిత్రముల వలన తేలెను. ఏడు విమానములు పోయెను, 50 మందికి పైగా మరణించిరి, వారిలో ఒక పత్రికా విలేఖరియు ఉండెను. జపానుపై ఆకాశమున శత్రువు కూల్చినది వీనిలో ఒక్కటే. ఇంజను చెడి చైనాలో దిగిన మరియొకదానిని జపాను విమానములు వచ్చి నేలపైనే కాల్చివేసెను. తక్కినవన్నియు ప్రమాదములే. అయినను అమెరికా పత్రికలు ఆ దాడిని గొప్ప విజయముగా ప్రకటించెను. విజయము వార్తకు సరిపోయెను, పద్దునకు సరిపోలేదు.

ఆగస్టు 20న అదే యవాటాపైకి పగటివేళ పోయిరి. ఈ పర్యాయము శత్రువు కూడ గట్టిగా నిలిచెను. ఒక జపాను యువకుడు తన చిన్న విమానమును తిన్నగా ఒక బి-29కి ఢీకొట్టెను. ఆ ప్రేలుడులో లేచిన శకలములు వెనుక వచ్చుచున్న రెండవ బి-29ని కూడ పడగొట్టెను. ఆ ఒక్క దెబ్బ రెండు మహావిమానములను దింపెను. ఆ దినమున మొత్తము 14 పోయెను. అంతటి పోరు జరిగిన దినమున గూడ శత్రువు చేత నేరుగా కూలినవానికన్న దారిలోను, దిగుటలోను పోయినవే ఎక్కువ.

ఆ నెలాఖరున కర్టిస్ లెమే అను సేనాని హిజ్లీకి వచ్చి దళమునకు అధిపతి యయ్యెను. పంక్తులు కట్టి ఎగురు పద్ధతిని మార్చెను, శిక్షణ పెంచెను. నవంబరు 5న సింగపూరు ఓడరేవు వరకు దాదాపు 4,000 మైళ్ళు పోయి వచ్చిరి. అయినను ప్రమాదములు విడువలేదు. డిసెంబరు 14న బాంకాక్ వంతెన మేఘములలో కనబడకపోగా కొన్ని విమానములు రంగూనుపైకి పోయెను. వేర్వేరు బరువులు గల బాంబులను కలిపి నింపుట వలన, అవి పడుచునే ఒకదానికొకటి తగిలి గాలిలోనే ప్రేలెను. 11 విమానముల గుంపులో నాలుగు తమ బాంబుల చేతనే నాశనమయ్యెను. గొడుగులతో దిగిన కొందరు రంగూను జైలులో పడి 1945 వేసవిలో విడుదలయ్యిరి. ఒక నెల గడచిన పిదప, 1945 జనవరి 14న, దూధ్‌కుండీలో విమానము నుండి బాంబులు దింపుచుండగా ప్రేలుడు జరిగి పలువురు నేలపైననే ప్రాణములు కోల్పోయిరి.

ఇచట ఒక్క క్షణము ఆగి, ఆ రంగూను నగరము క్రింద ఎవరుండిరో తలచుకొనవలెను. యానాము చెంతనున్న కోరంగి రేవు నుండి ఓడలెక్కి పోయిన మన తెలుగువారు రంగూనున వేలకు వేలుగా ఉండిరి. ఆ రేవు పేరును బట్టియే అచటివారు మనవారిని కోరంగీలని పిలిచెడివారు. 1942లో లక్షలకొలది భారతీయులు అడవిదారిని కాలినడకన స్వదేశము చేరిరి, దారిలో ఎందరో రాలిపోయిరి. రాలేక అచటనే నిలిచిపోయిన భారతీయులలో మనవారును గలరు. ఖరగ్‌పూరు రైల్వే కాలనీలో ఒక తెలుగు కుటుంబము ఆ మహావిమానముల మ్రోతను విని తలుపు తీసి చూచుచుండగా, అదే మ్రోతను విని రంగూనున మరియొక తెలుగు కుటుంబము గుంటలో దిగి తలదాచుకొనవలసి వచ్చెను. ఇరువైపుల మాట ఒకటే, భయము మాత్రము వేరు.

కావున విమానసిబ్బంది మరణములను తలచునపుడు వారి బాంబుల క్రింద పోయినవారిని తలపకుండుట న్యాయము కాదు. 1944 డిసెంబరు 18న 80కి పైగా బి-29లు చైనాలోని హాంకౌ నగరముపై అగ్నిబాంబులు కురిపించెను. జపాను సైన్యపు సరుకుతో పాటు చైనావారి ఇండ్లును కాలెను. మంటలు మూడు దినములు ఆరలేదు. ఆ ఫలితమును చూచిన లెమే తరువాత మేరియానా ద్వీపములకు పోయి, 1945 మార్చి 9వ తేదీ రాత్రి టోక్యోపై అదే పద్ధతిని ప్రయోగించెను. ఒక్క రాత్రి 80 వేలకు పైగా ప్రజలు దగ్ధమయ్యిరి. విమానములలోని యువకులు ఆ యాజ్ఞను తాము పుట్టించినవారు కారు, ఐనను వారి చేతుల మీదుగానే అది జరిగెను. వారిని కేవలము వీరులనుటయు, కేవలము క్రూరులనుటయు రెండును సగము పద్దులే.

1945 మార్చి నెలాఖరున ఖరగ్‌పూరు పరిసరముల నుండి చివరి దాడి జరిగెను. మేరియానా ద్వీపములు అప్పటికే చేతికి వచ్చియుండుటచే విమానములన్నియు అచటికి తరలిపోయెను. ఇంచుమించు పది మాసములలో ఈ దళము 49 దాడులు చేసెను. అందు జపాను నేలపై జరిగినవి కొన్ని మాత్రమే. అన్ని కారణములచేత పోయిన బి-29లు నూటికి మించెను. ఆ యుద్ధమున బి-29ల చరిత్రను మొత్తముగా చూచినను ఇదే తీరు. ప్రచురితమైన ఒక గణన ప్రకారము, జపానుపై పోరులో పోయిన 414 బి-29లలో శత్రువు ఫిరంగులును విమానములును కూల్చినవి 147. తక్కిన 267 ఇంజను మంటలు, యంత్రదోషములు, లేచుటలో కూలుట మొదలగు కారణములచేత పోయినవి. మూడింట రెండు పాళ్ళు శత్రువు ఖాతాలో వ్రాయరానివి.

ఒడిశాలోని మన సోదరులకు దగ్గరగా నున్న మరియొక సంఘటన కలదు. మయూరభంజ్ నందు రాస్‌గోవిందపూరు చెంత అమర్దా రోడ్డు అను పెద్ద విమాన స్థావరమును యుద్ధకాలమున నిర్మించిరి. అచట పోరుపద్ధతులలో శిక్షణ జరిగెడిది. 1945 జూలై 26న బ్రిటిషు వైమానిక దళపు ఆరు లిబరేటర్ భారీ బాంబర్లు పంక్తి కట్టి ఎగురుట అభ్యసించుచుండగా రెండు ఒకదానికొకటి తగిలి కూలెను. 14 మంది మరణించిరి. జపాను లొంగుబాటునకు ఇంకను మూడు వారములే యుండెను. యుద్ధము ముగియవచ్చిన వేళ, శత్రువు ఛాయ లేని ఆకాశమున, అభ్యాసము చేయుచు పోయిన ఈ పదునాలుగు ప్రాణములకు రిమార్కు ఏమని వ్రాయవలెను?

పద్దులో కొట్టివేయబడిన యంత్రములు కొన్ని మరల లేచివచ్చుట మరియొక వింత. 1944లో జపానువారిపై దాడికి పోయి దెబ్బతిని, మూడు బి-29లు సోవియట్ దేశపు వ్లాడివాస్టాకులో దిగెను. అప్పటికి సోవియట్‌కును జపానునకును యుద్ధము లేదు. అందుచే విమానములను అచటనే ఉంచుకొనిరి. ఖరగ్‌పూరులో స్థావరమేర్పరచుకొన్న దళమునకు చెందిన ఒకదానిని మరమరకు విప్పి, కొలతలు తీసి, టి.యు-4 అను తమ బాంబరును సోవియట్‌వారు తయారు చేసికొనిరి. అమెరికావారి లెక్కలో పోయినది మరియొకరి లెక్కలో వందలుగా పిల్లలు పెట్టెను.

మన దేశమునను ఇట్టిది జరిగెను. యుద్ధానంతరము బ్రిటిషువారు తమ లిబరేటర్లను కాన్పూరు చెంత చకేరీలో, మరల ఎగురకుండునట్లు పాడుచేసి వదలిపోయిరి. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమువారు వానిని ఎగురునంత మాత్రము బాగుచేసి బెంగళూరునకు చేర్చి, అచట పూర్తిగా మరమ్మతు చేసిరి. ఇట్లు నలువదికి పైగా బాంబర్లు మన వైమానిక దళమునకు లభించెను. 1948లో వానితో 5వ స్క్వాడ్రన్ ఏర్పడెను. 1968 వరకు మన ఆకాశమున అవి ఎగిరెను. కర్ణాటకలోని మనవారు గర్వింపదగిన పనితనమిది.

యంత్రమును విప్పి కూర్చవచ్చును, చూచి మరియొకటి చేయవచ్చును, చెత్తకుప్ప నుండి లేవదీయవచ్చును. మనుష్యునకు ఆ వీలు లేదు. ఆతని విషయమున మనము చేయగలిగినది పద్దును సరిగా పూర్తిచేయుట యొక్కటే. దానికి కాలపరిమితి లేదని తెలుపు సంగతి యొకటి చెప్పి ముగింపునకు వత్తుము. 1944 జనవరి 25న ఒక అమెరికా లిబరేటర్ ఎనమండుగురితో చైనాలోని కున్‌మింగ్ నుండి అస్సామునకు వచ్చుచు, మూపురము దాటునపుడు దుర్దినమున కనబడకుండ పోయెను. ఆ దినముననే ఆ దారిని మరికొన్ని విమానములును పోయెను. అరువది రెండేండ్ల పిదప, 2006లో, అరుణాచల ప్రదేశ్ కొండలలో దాని శకలములు బయటపడెను. ఉభయ ప్రభుత్వముల అంగీకారముతో వెదకులాట జరిగెను. 2016 ఏప్రిల్‌లో, దొరికిన అవశేషములను ఢిల్లీలో సైనిక మర్యాదలతో అమెరికావారికి అప్పగించిరి. ఆ యెనమండుగురిలో ఒకరి గుర్తింపు నిర్ధారణయై 2017లో స్వస్థలమున సమాధి జరిగెను. కనబడుటలేదు అని డెబ్బది మూడేండ్లు నిలిచిన ఒక పద్దు ఆనాడు ముగిసెను. తల్లిదండ్రులు ఆ దినమును చూడలేదు. అయినను పద్దు పద్దే.

హిజ్లీ భవనమున నేడు విజ్ఞాన ప్రదర్శనశాల కలదు. కలైకుండా మన వైమానిక దళపు ముఖ్య స్థావరము. తక్కిన రన్‌వేలు కొన్ని పశువులు మేయు బయళ్ళయ్యెను, కొన్ని వడ్లు ఆరబోసికొనుటకు పనికివచ్చుచున్నవి. ఆ దారిని రైలులో పోవు మన పిల్లలకు ఈ కథను పెద్దలు చెప్పవలెనని మా కోరిక. చెప్పునపుడు గొప్ప విమానములు, గొప్ప యుద్ధము అని మాత్రము చెప్పి విడువరాదు. ఆకలితో రాళ్ళు మోసిన కూలీని, ఎండలో ఇంజను విప్పిన మెకానిక్కును, పెట్రోలు చాలక కొండకు తగిలిన కుర్రవానిని, రంగూను గుంటలో పిల్లను పొదివికొని కూర్చుండిన తల్లిని కూడ చెప్పవలెను.

పరాయి రాష్ట్రములలో తరములుగా స్థిరపడిన మనకు లెక్క అనగా నేమో తెలియును. జనాభా పట్టికలో మనము ఒక అంకెగానే కనబడుదుము. ఆ యంకె వెనుక మనవారు ఏ యూరి నుండి, ఏ కరవునకు, ఏ పనికై బయలుదేరి వచ్చిరో మన ఇండ్లలో తప్ప మరెచటను వ్రాయబడియుండదు. కావున ఇతరుల మరణములను గూర్చి చదువునపుడును అంకెతో ఆగక, ప్రక్కనున్న గడిని నింపి చదువుట మన ధర్మము. శత్రువు చంపెను అని వ్రాయుట సులభము. తొందర చంపెను, దూరము చంపెను, ఎండ చంపెను, ఆజ్ఞ చంపెను అని నిజము వ్రాసినప్పుడే తరువాతివారు అదే పద్దును మరల వ్రాయవలసిన అవసరము తప్పును.